తెల్లదోమకు పేరు పెట్టుట

(సంఘ వాచనాలయమున సభ్యుల సమావేశములో చదివిన ఉపన్యాస పాఠము)



మగ్గముల ఊరిలో పురుగును గూర్చి ఉపన్యాసమేమని కొందరు అడుగవచ్చును. మనము నేయునది నూలు. నూలు వచ్చునది పత్తి నుండి. పత్తి ఆకు క్రింద కాపురముండునది తెల్లదోమ. ఈ మూటికి గల సంబంధమును మొదట చెప్పి పిమ్మట అసలు విషయమునకు వత్తుము. ఒక పురుగును చూచి “ఇది ఇంతవరకు లోకమునకు తెలియని జాతి” అని చెప్పుటకు ఎవరికి, ఎట్టి సాక్ష్యముతో అధికారము కలుగును అనునదియే ఆ అసలు విషయము.

తెల్లదోమ ఆకు రసమును పీల్చి, తనకు వలసినంత ఉంచుకొని, మిగిలిన చక్కెరను జిగట బిందువులుగా విడుచును. రైతులు దీనిని తేనెబంక యందురు. కాయ పగిలి దూది వెలుపలికి వచ్చిన కాలమున ఈ బంక దూదిమీద పడును. పిమ్మట దానిమీద నల్లని మసివంటి బూజు పెరుగును. ఇది జిన్నింగులో పోదు, బేలు కట్టినను పోదు. నూలుమిల్లులో కార్డింగు యంత్రము మొదలుకొని రింగు ఫ్రేము వరకు రోలర్లకు అంటుకొని పోగును తెంపుచుండును. ఈ బంకలో ట్రెహలులోజు అను చక్కెర యొకటి విశేషముగా నుండును. దానికి గాలిలోని తేమను త్వరగా పీల్చుకొను గుణము కలదు. అందుచేత తేమ హెచ్చిన దినములలో జిగటయు హెచ్చును. అట్టి దూదితో వడికిన నూలు ఎగుడుదిగుడుగా నుండి మగ్గముమీద మాటిమాటికి తెగును. పోగు తెగిన మగ్గము ఆగును, మగ్గము ఆగినచో మీటరు లెక్కన వచ్చు కూలియు ఆగును. పడుగు తెగినప్పుడెల్ల సైజింగువానిని తిట్టు అలవాటు మనలో కలదు. కొన్ని పర్యాయములందైనను ఆ తిట్లు తినవలసినది సైజింగువాడు కాదు, ఎక్కడనో పత్తి చేనిలోనున్న మిల్లీమీటరు పొడవు పురుగు.

ఈ పురుగు పేరులోనే తగవు మొదలగుచున్నది. మనము దోమ యందుము. మరాఠీవారు పాంఢరీ మాశీ, అనగా తెల్ల ఈగ యందురు. ఆంగ్లేయులదియు అదే మాట. ఇది దోమయు కాదు, ఈగయు కాదు. పేనుబంక, పచ్చదోమ, పిండినల్లి, ఇవి దీని దాయాదులు. ముక్కువంటి సూదితో మొక్కల రసము పీల్చు వంశమిది. సామాన్యులే కాదు, మహాపండితులును ఇందులో తప్పినారు. జీవజాతులకు రెండేసి మాటల పేర్లు పెట్టు పద్ధతిని స్థిరపరచిన లిన్నేయసు 1758లో క్యాబేజీ మీది తెల్లదోమకు పేరు పెట్టుచు, దానిని బట్టలు కొరుకు చిమ్మెటల వర్గములో చేర్చెను. రెక్కలమీద తెల్లని పొడి యుండుటయే దానికి కారణమని తోచుచున్నది. 1796లో లాట్రెయి అను ఫ్రెంచి పండితుడు దానిని అచటినుండి తీసి, గ్రీకు భాషలో పిండి యను మాటనుండి అలైరోడిస్ అను క్రొత్త పేరు కల్పించెను. రెక్కలమీదిది పిండి కాదు, మైనము. అయినను ఆ పేరు నిలిచినది.

పేరులో నేమున్నది, పురుగును చంపిన చాలునని తలచువారికి మన తెలుగునాట జరిగినదే సమాధానము. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి చేలలో తెల్లదోమ మితిమీరి వ్యాపించెను. కాయతొలుచు పురుగు కొఱకు రైతులు సింథటిక్ పైరెత్రాయిడు మందులను మరల మరల చల్లుచుండిరి. ఆ మందు ఆకు క్రింద అంటుకొనియున్న తెల్లదోమ పిల్లలను అంతగా బాధింపలేదు. వానిని తినెడి పురుగులను, వాని శరీరములలో గ్రుడ్లుపెట్టు సన్నని కందిరీగలను మాత్రము తుడిచిపెట్టెను. శత్రువులు పోయిన పురుగు ఇబ్బడిముబ్బడిగా పెరిగెను. పెరిగిన కొలది రైతు మరింత మందు కొట్టెను. మందు అప్పు, పంట నష్టము, వడ్డీ ఒకదానిపై ఒకటి పడగా 1987-88లో ఆ ప్రాంతమున పత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. మనలో పలువురి స్వస్థలమైన వరంగల్లు జిల్లాలో 1997-98లో జరిగినదానిని కొందరు దీనితో కలిపి చెప్పుచుందురు. అప్పటి పురుగు వేఱు, అది ముఖ్యముగా పొగాకు లద్దెపురుగు. 2015లో పంజాబు, హర్యానా రాష్ట్రముల పత్తిని పాడుచేసినది మరల తెల్లదోమయే. ఏ పురుగో తెలియక కొట్టిన మందు గాలిలో గొడ్డలి వ్రేటు కాదు, తన కాలిమీదనే పడును.

ఇక పేరు పెట్టుటను గూర్చి. శాస్త్రములో ప్రతి జాతికి రెండు మాటలుండును. మొదటిది వంశమును, రెండవది వ్యక్తిని చెప్పును. మన తెలుగువారికి దీనిని వివరింప నక్కరలేదు. మొదట ఇంటిపేరు, తరువాత పేరు, ఇది మన పద్ధతియే గదా! ఈ రాష్ట్రములో మన పిల్లవాని పేరు వ్రాయవలసి వచ్చినపుడు ముందుది వెనుకకు పోవుటయు, బడి రిజిస్టరులో నొక తీరున, రేషను కార్డులో మరియొక తీరున, ఎన్నికల జాబితాలో మూడవ తీరున అక్షరములు పడుటయు మీరెఱిగినదే. ఒక్క మనిషి ముగ్గురగును. అప్పుడు ఆ ముగ్గురును ఒక్కడేయని ప్రమాణపత్రము తేవలసి వచ్చును. పత్తి తెల్లదోమకు సరిగా ఇదే జరిగినది.

1889లో గ్రీసు దేశమున గెన్నాడియస్ అను వ్యవసాయాధికారి పొగాకు ఆకులమీది తెల్లదోమను వర్ణించి అలైరోడిస్ టబాసి అని పేరు పెట్టెను. టబాసి యనగా పొగాకుది అని అర్థము. 1900లో అమెరికాలోని ఫ్లోరిడాలో చిలగడదుంప తీగమీది దానికి క్వెయింటన్సు అను శాస్త్రజ్ఞుడు ఇన్‌కాన్‌స్పిక్యువా, అనగా కంటికి ఆననిది, అని వేఱొక పేరు పెట్టెను. 1929లో మన దేశములో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ప్రకటించిన సంచికలో మిశ్రా, లాంబా అను ఇరువురు పత్తిమీది తెల్లదోమను క్రొత్త జాతిగా వర్ణించి బెమీసియా గాసిపిపెర్డా అనిరి. పత్తి నాశని యని దాని భావము. ఇంతకంటె తగిన పేరు ఏ రైతును పెట్టియుండడు! (బీహారులోని ఆ పూసా భవనము 1934 భూకంపములో దెబ్బతినగా సంస్థ 1936లో ఢిల్లీకి తరలినది. ఊరు మారినను పూసా యను పేరు వెంట వచ్చినది. మన ఇంటిపేర్లలో గల ఊళ్లు మనతో భివండీకి వచ్చినట్లే.) ఇట్లు దేశమునకొకటి, పంటకొకటిగా పేర్లు పెరిగినవి. 1957లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన లూయీజ్ రస్సెల్ అను విదుషీమణి ఈ నమూనాలను పోల్చి చూచి, ఈ పేర్లన్నియు ఒకే పురుగువని ప్రకటించెను. మొట్టమొదట పెట్టిన పేరే చెల్లవలెనను నియమము ప్రకారము టబాసి నిలిచినది. గాసిపిపెర్డా పర్యాయపదముల జాబితాకు చేరినది. అప్పటికే దాని ఇంటిపేరు బెమీసియాగా మారియుండెను. అట్లు ఇంటిపేరు మారినపుడు మొదట పేరు పెట్టినవాని పేరును కుండలీకరణములలో వ్రాయుట ఆచారము. కావుననే పుస్తకములలో గెన్నాడియస్ పేరు ఎల్లప్పుడును ఆ రెండు గీతల నడుమ కనబడును.

ఇంతమంది పండితులు ఏల పొరబడిరి? తెలిసికొనవలెనన్న పురుగును గుర్తించు పని యెట్టిదో చూడవలెను.

రెక్కలు వచ్చిన తెల్లదోమలు చూపునకు దాదాపు ఒక్క తీరుననే యుండును. కావున శాస్త్రజ్ఞులు రెక్కల పురుగును కాదు, దానికి ముందు దశను చూతురు. ఆకు అడుగున పెట్టిన గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల కొంచెము దూరము ప్రాకి, ఒకచోట సూది దించి అచటనే అంటుకొనిపోవును. కాళ్లు పనికిమాలినవగును. చర్మములు విడుచుచు పెరిగి, కడపట చిన్న పొక్కువంటి కోశమగును. పత్తిమీది దానిలో ఈ కోశము మిల్లీమీటరు కంటె చిన్నది. దీని వీపుననే జాతి లక్షణములన్నియు వ్రాయబడియుండును. దీనిని ఆకునుండి సూదితో లేపి, పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణములో వేడిచేసి లోపలి మాంసమును కరిగించి, మైనమును పోగొట్టి, రంగులో ముంచి, కెనడా బాల్సమ్ అను జిగురులో గాజుపలకపై అతికించి సూక్ష్మదర్శినిలో చూతురు. ఉడుకబెట్టుట, శుభ్రపరచుట, రంగువేయుట, ఆరబెట్టుట, ఇవి అద్దకము పని తెలిసినవారికి క్రొత్తవి కావు. ఇచట సరకు మాత్రము ఆవగింజకంటె చిన్నది, చేయి వణకిన పోవును.

అట్లు సిద్ధపరచినదానిలో అంచుననున్న పండ్ల వరుస, వీపుమీది వెండ్రుకల జతలు, సన్నని రంధ్రముల అమరిక, ఇవన్నియు లెక్కించి కొలతలు వేయుదురు. అన్నిటికంటె ముఖ్యమైనది వెనుకభాగముననున్న కలశాకారపు రంధ్రము. దానికొక మూత, మూత క్రింద నొక నాలుక యుండును. రంధ్రము త్రికోణమా, గుండ్రనా, నాలుక మూతను దాటివచ్చినదా, దాగినదా యనునదానిని బట్టి వంశము తేలును. మనకిందొక విశేషము కలదు. తేనెబంక వెలువడునది ఈ రంధ్రము నుండియే. మన నూలును పాడుచేయు ద్వారమే శాస్త్రజ్ఞునికి పురుగు చిరునామా చెప్పు ద్వారము.

పిమ్మట బొమ్మ గీయవలెను. బొమ్మలో నడుమ నొక నిలువు గీత. దానికొక ప్రక్క వీపు, మరియొక ప్రక్క పొట్ట చూపుట ఈ శాఖవారి సంప్రదాయము. ఇదంతయు జరిగిన తరువాతనే అసలు కష్టము. ఇంతవరకు లోకములో వర్ణింపబడిన తెల్లదోమలు 1500 పైచిలుకు. మన దేశముననే 400 దాటినవి. వీనిలో దగ్గరి పోలిక గలవానిని ఒక్కొక్కటిగా తీసి, తన చేతిలోనిది వానిలో ఏదియు కాదని చూపవలెను. ఏ లక్షణముచే వేఱో మాటలలో చెప్పవలెను. 1978లో బ్రిటిష్ మ్యూజియమువారు ప్రకటించిన మౌండ్, హాల్సీల పట్టిక ఈ పనికి పెద్ద ఆధారమైనది. అంతకు పూర్వము ఒక్క పేరు కొఱకు పది భాషల పత్రికలు వెదకవలసి వచ్చెడిది. ఉదాహరణమునకు, మన పొరుగున బరోడాలోని చెఱకు తెల్లదోమను 1896లో వర్ణించిన మాస్కెల్ ఉండినది న్యూజీలాండులో. పురుగు గుజరాతుది, కాగితము దక్షిణ సముద్రముల అవతలిది. ఆ పురుగు నేటికిని బరోడెన్సిస్ అను పేరుతోనే పిలువబడుచున్నది.

మాటలు చాలవు గనుక మూల నమూనా యనునది యొకటి ఉంచుదురు. మన వ్యాపారములో బేరము కుదిరినపుడు బట్టముక్క నొకటి కత్తిరించి ఉంచుకొందుము. తరువాత తగవు వచ్చిన “నేను మెత్తన యన్నాను, నీవు గట్టిదన్నావు” అని వాదింపక ఆ ముక్కను తీసి చూతుము. జాతికిని అట్టి ముక్క యొకటి కలదు. క్రొత్త పేరు పెట్టువాడు ఏ ఒక్క గాజుపలకమీదిది ఆ పేరునకు మూలమో నిర్ణయించి, దానిని ఏ సంగ్రహాలయములో భద్రపరచెనో చెప్పవలెను. 2000 జనవరి 1 నుండి అమలులోనున్న అంతర్జాతీయ నియమావళి ప్రకారము మూల నమూనాను స్పష్టముగా నిర్ణయింపని క్రొత్త జాతి పేరు చెల్లదు.

ఇప్పుడు పొరబాటు మాట. 1963లో మౌండ్ అను శాస్త్రజ్ఞుడు టబాసి కోశములను పరిశీలించి యొక ముఖ్య విషయము ప్రకటించెను. నూగు గల ఆకుమీద పెరిగిన కోశము వీపున పెద్ద వెండ్రుకలుండును. నున్నని ఆకుమీద పెరిగినదానికి అవి యుండవు. పురుగు ఒక్కటే, ఆకు మారిన దుస్తు మారినది! పూర్వులు లెక్కించిన వెండ్రుకలు కొన్ని పురుగువి కావు, ఆకు పెట్టినవి. మా అభిప్రాయములో ఈ శాస్త్రమంతటిలో ఇంత వినయము నేర్పు విషయము మరియొకటి లేదు. క్రొత్తది కనిపెట్టితినని గంతువేయబోవువాడు, ముందు ఆ పిల్లలను మరియొక ఆకుమీద పెంచి చూడవలెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. అన్నియు ఒక్కటేయని 1957లో తేల్చినది మరల విడిపోవుటకు మొదలుపెట్టినది. 1991లో అమెరికాలో కాలిఫోర్నియాయందలి ఇంపీరియల్ లోయ పంటలను తెల్లదోమ నాశనము చేసెను. చూపునకు టబాసియే. కాని గుమ్మడి జాతి ఆకులను వెండివలె తెల్లబరచుచుండెను, పాత పురుగుతో జతగూడి సంతానము కనకుండెను. 1994లో బెల్లోస్, పెరింగ్ మొదలగువారు దీనిని ఆర్జెంటిఫోలై, అనగా వెండి ఆకుది, అను క్రొత్త జాతిగా వర్ణించిరి. ఇది జాతియా, జాతిలోని తెగయా యని పెద్ద వాదము చెలరేగెను. నేడు పలువురు ఆ పేరును వాడక, మధ్యప్రాచ్య–ఆసియా మైనరు తెగ 1 అని వ్యవహరించుచున్నారు. ఈ వాదము మనకు దూరపుది కాదు. ఆ విదేశపు తెగయే 1999లో కర్ణాటకములోని కోలారు టమాటా తోటలలో, ఆకుముడత తెగులు తీవ్రముగానున్న చోట, బయటపడెను. గాజుపలకమీద చూచిన మన దేశపుదానికిని దీనికిని భేదము తెలియదు. జన్యుపరీక్షయే దానిని పట్టియిచ్చినది.

నేడు తెలిసిన సంగతి యేమనగా, టబాసి యని పిలుచుచున్నది ఒక్క జాతి కాదు, రూపములో వేఱుపరుపరాని పెక్కు జాతుల గుంపు. మన దేశముననే ఆసియా 1, ఆసియా రెండులోని పలు శాఖలు గలవు. ఇవి పీల్చు పంటలలోను, మోయు తెగుళ్లలోను, మందులకు తట్టుకొను శక్తిలోను భేదములు గలవు. మినుము పల్లాకు తెగులును, బెండ ఆకుల పసుపు ఈనెల తెగులును మోయునదియు ఈ గుంపే. మఱి వీనిలో అసలు టబాసి ఏది? 2012లో టే, డి బారో మొదలగువారు 1889నాటి గెన్నాడియస్ నమూనాల నుండి జన్యు పదార్థమును తీసి చదివిరి. నూట ఇరువది మూడేండ్ల క్రిందటి పొగాకు పురుగు నోరు విప్పినది. అది మధ్యధరా ప్రాంతపు జాతి. కావున గుంటూరు పత్తిమీదిది, భటిండా పత్తిమీదిది ఆ పేరునకు ఖండితమైన హక్కుదారు కాదు.

అట్లయిన మనదానికి క్రొత్త పేరు పెట్టవచ్చునా? తొందర కూడదు. పర్యాయపదములలో చేరిన పేరు చచ్చిన పేరు కాదు. క్రొత్తది పెట్టబోవువాడు మొదట పాతవానిలో ఇది కలదా యని చూడవలెను. భారతదేశపు పత్తిమీదిదని 1929లోనే మిశ్రా, లాంబాలు పెట్టిన గాసిపిపెర్డా ఆ వరుసలో నున్నది. ఏ భారతీయ తెగకది చెందునో నిర్ణయించిన పిమ్మటనే మిగిలిన తెగలు క్రొత్తవా యను ప్రశ్న వచ్చును. క్రొత్త జాతిని ప్రకటించుట గొప్పయని పేపర్లలో వ్రాయుదురు. పాత వర్ణనను చదివి దాని హక్కును దానికి తిరిగి యిచ్చుట అంతకు తక్కువ పని కాదని మా తలంపు.

సరియైన పేరు ముందే యున్న నెంత మేలో కొబ్బరి చెప్పును. 2004లో జాన్ మార్టిన్ అను శాస్త్రజ్ఞుడు మధ్య అమెరికాలోని బెలీజు నుండి వచ్చిన యొక తెల్లదోమను అలైరోడికస్ రూజియోపెర్క్యులేటస్ అను క్రొత్త జాతిగా వర్ణించెను. అప్పుడది ఎవరికిని పట్టని వార్త. 2016లో అదే పురుగు తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటలలో కనబడెను. త్వరలోనే గోదావరి జిల్లాల కొబ్బరికి, ఆయిల్‌పాముకు, కడియపులంక నర్సరీలకు ప్రాకెను. వర్ణన సిద్ధముగా నుండుటచే గుర్తింపు ఆలస్యము కాలేదు. పేరు తెలిసినందున దాని శత్రువును తెలిసికొనుట సులభమైనది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అను సన్నని కందిరీగ దానిని వెంటాడుచునే యున్నదని కనుగొని, ఘాటు మందులు కొట్టి ఆ కందిరీగను చంపవలదని శాస్త్రజ్ఞులు రైతులకు బోధించిరి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారు పురుగును చంపు బూజును పెంచి పంచిరి. 1980లలో పత్తి రైతునకు దక్కని మాట ఈసారి కొబ్బరి రైతునకు దక్కినది.

ఇప్పుడు మనము చేయదగిన దొకటి చెప్పి విరమింతుము. బట్టలో పిక్కులు లెక్కించు చిన్న భూతద్దము మనలో చాలమంది యింట నుండును. పెరటి జామ ఆకును త్రిప్పి, దానితో చూడుడు. తెల్లని మైనపు గీతలు సుడులు సుడులుగా నున్నచో అది బహుశః అలైరోడికస్ డిస్పర్సస్ అను తెల్లదోమ. దానిని 1965లో వర్ణించినది పైన చెప్పిన రస్సెల్‌గారే. మన దేశమున 1993లో కేరళలో మొదట కనబడినది. కోశములు చిల్లులు పడియున్న, చిల్లు ఆకారమును చూడుడు. టీ అను ఆంగ్లాక్షరము వలె చీలియున్న తెల్లదోమ రెక్కలు వచ్చి ఎగిరిపోయినదని అర్థము. గుండ్రని రంధ్రమున్న లోపలి పురుగును తిని కందిరీగ వెలువడినదని అర్థము. గుండ్రనివి హెచ్చుగానున్న చెట్టునకు మందు కొట్టనక్కరలేదు.

బొమ్మలకు, మాటలకు సరిపోలనిది ఏదైన కనబడినచో కోశములున్న ఆకును కోసి, వార్తాపత్రిక కాగితములో మడచి ఆరబెట్టుడు. ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఆకు క్రుళ్లును. కాగితముమీద చెట్టు పేరు, చోటు, తేదీ, కోసినవారి పేరు తప్పక వ్రాయుడు. ఇవి లేని నమూనా ఎంత అపూర్వమైనను పనికిరాదు. చెట్టు పేరు తెలుగులో వ్రాసినను సరియే. అట్టి పొట్లములను వాచనాలయమునకు ఇచ్చినచో ఒకచోట చేర్చి, ఢిల్లీలోని పూసా సంస్థకుగాని, బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక సంపద సంస్థకుగాని పంపుదుము. పెరటి చెట్లు గల యిండ్లవారు వానలు వెనుకబడిన పిమ్మట మొదలుపెట్టుట మంచిది. వానలో కోశములు రాలిపోవును.